దిక్కు, అవధి, పటం : భువనకోశ బోధనలో ఒక విచారం

తర్కసంగ్రహం పఠించే విద్యార్థికి తొలిదినాలలోనే పరిచితమయ్యే నవద్రవ్యాలలో దిక్కు ఒకటి. అది ఏకం, విభువు, నిత్యం అని అన్నంభట్టు నిరూపణ. తూర్పు, పడమర అనే భేదాలు ఆ ద్రవ్యానికి స్వాభావికాలు కావు, ఔపాధికాలు మాత్రమే. ఉదయాచలానికి సన్నిహితమైనది ప్రాచి అనీ, మేరువుకు సన్నిహితమైనది ఉదీచి అనీ వ్యాఖ్యానాలు ఆ ఉపాధులను వివరిస్తున్నవి. వ్యాకరణం ఈ విషయాన్నే మరొక మార్గాన చెప్పుతున్నది. దిక్శబ్దంతో యోగం కలిగిన పదానికి పాణిని పంచమీ విభక్తిని విధించినాడు. తూర్పు అంటే చాలదు. దేని నుండి తూర్పు అన్నది చెప్పవలె. తెలుగులో మనం ‘ఊరికి తూర్పున’ అని వేరొక ప్రత్యయంతో చెప్పినా ఆకాంక్ష మాత్రం అదే. అవధి లేని దిక్శబ్దం అసంపూర్ణం.

వాక్యంలో అవధిని చెప్పక తప్పదు. పటంలో ఆ నిర్బంధం లేదు. గోడకు వ్రేలాడే ప్రపంచపటం ఒక అవధి నుండి, ఒక ప్రయోజనం కొరకు గీయబడినదే అయినా ఆ సంగతిని తాను చెప్పదు. పైభాగం ఉత్తరమెందుకైనది, మధ్యభాగం ఐరోపా ఎందుకైనది, ఏ దేశం ఎంత పెద్దదిగా ఎందుకు కనబడుతున్నది అనే ప్రశ్నలు చూచేవానికి తోచవు. అది లోకమే అని అతడు భ్రమిస్తాడు.

ఈ భ్రమ మన తరగతులకు సంబంధించని విషయం కాదు. విష్ణుపురాణ ద్వితీయాంశాన్నో, ఆంధ్రమహాభాగవతంలో గంగన రచించిన పంచమస్కంధాన్నో బోధించే సమయంలో అధ్యాపకునికి ఎదురయ్యే సంకటం ఇది. ఒకవైపు గోడమీద అట్లాసు పటం. ఇంకొకవైపు గ్రంథంలో లవణేక్షుసురాసర్పి సముద్రాలు. విద్యార్థులలో కొందరు నవ్వుతారు. కొందరు నొచ్చుకొని, ప్లక్షద్వీపం ఫలానా దేశమే, క్షీరసముద్రం ఫలానా సముద్రమే అని సమర్థనకు పూనుకుంటారు. ఈ రెండు వర్గాలవారూ ఒకే ప్రతిజ్ఞను అంగీకరించినవారని నా అభిప్రాయం. గోడమీది పటమే ప్రమాణం, దానితో కలిస్తే పురాణం సత్యం, కలవకుంటే అసత్యం అన్నదే ఆ ప్రతిజ్ఞ. దానిని పరీక్షింపకుండా భువనకోశాన్ని బోధించడం కష్టం. పరీక్షకు కావలసిన సామగ్రి చాలవరకు మన శాస్త్రాలలోనే ఉన్నది.

మొదట రాజశేఖరుని చూడవలె. కావ్యమీమాంస సప్తదశాధ్యాయంలో దేశవిభాగాన్ని చెప్పుతూ అతడు దిగవధి ప్రశ్నను సూటిగా ఎత్తుకొన్నాడు. వినశన ప్రయాగల నడుమ, గంగాయమునల నడుమ ఉన్న అంతర్వేదిని అపేక్షించి దిక్కులను విభజింపవలెనని ఆచార్యుల మతంగా చెప్పి, అందులోనూ మహోదయాన్ని అవధిగా గ్రహింపవలెనని యాయావరీయ మతంగా, అనగా తన మతంగా, చేర్చినాడు. మహోదయమంటే కన్యాకుబ్జం. ప్రతీహార ప్రభువుల రాజధాని. రాజశేఖరునికి ఆశ్రయమైన ఆస్థానం అక్కడిదే. తన ప్రభువు నగరాన్ని లోకానికి నడిబొడ్డు చేసినాడని ఎవరైనా ఆక్షేపింపవచ్చు. ఆ ఆక్షేపం న్యాయమే. అయితే అతడు అవధిని దాచలేదు. ఇతరుల పక్షాన్ని ముందు చెప్పి, తన పక్షాన్ని తన పేరుతో చెప్పినాడు. పటకారులలో ఇంత నిజాయితీ అరుదు.

వరాహమిహిరుని బృహత్సంహితలోని కూర్మవిభాగంలోనూ మధ్యదేశమే అవధి. కృత్తికాదిగా మూడేసి నక్షత్రాల చొప్పున తొమ్మిది వర్గాలు చేసి, మొదటి వర్గాన్ని మధ్యదేశానికిచ్చి, తక్కిన ఎనిమిదింటిని తూర్పు మొదలుకొని ఎనిమిది దిక్కులకు పంచినాడు. అందులో ఆంధ్రులు కోసల, కళింగ, వంగ, విదర్భులతోపాటు ఆగ్నేయ వర్గంలో, ఆశ్లేషాది నక్షత్రత్రయం క్రింద పడినారు. మధ్యదేశంలో నిలిచి చూచేవానికి మనం ఆగ్నేయపు మూలవాళ్ళం.

మన ఇళ్ళలో ప్రతిదినం పఠింపబడే సంకల్పంలో మాత్రం లెక్క వేరు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిగ్భాగం అని పురాణక్రమంలోనే దిగివచ్చి, తెలుగువాడు ఒక్కసారిగా శ్రీశైలాన్ని పట్టుకొంటాడు. రాజమహేంద్రవరంవాడు శ్రీశైలానికి ఈశాన్యప్రదేశమంటాడు, నెల్లూరువాడు ఆగ్నేయమంటాడు, హైదరాబాదువాడు వాయవ్యమంటాడు. అటుపై కృష్ణాగోదావరుల మధ్యదేశమనో మరొక నదీపరిచ్ఛేదమో చెప్పి తన ఇంటిదాకా వస్తాడు. కన్యాకుబ్జానికి ఇక్కడ ప్రసక్తి లేదు. మేరువును నిలుపుకొని, మధ్యదేశాన్ని విడిచి, శ్రీమల్లికార్జునుని అవధిగా చేసికొన్న ఈ వాక్యం నోటితో గీసిన పటం. ప్రయోజనం కర్మకర్త తన స్థానాన్ని నిర్దేశించుకోవడం. నావికునికి దీనితో పనిలేదు. కర్తకు నావికుని పటంతో పనిలేదు.

విదేశాలలోని తెలుగువారి విషయం ఇంకా ఆసక్తికరం. అమెరికాలోని పలు ఆలయాలలో సంకల్పాన్ని క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అని చెప్పుతున్నారు. గ్రంథదృష్టితో చూస్తే ఇది నిలవదు. విష్ణుపురాణంలో రమ్యకవర్షం జంబూద్వీపంలోనిదే. భాగవతంలో రమణకమనే పేరు శాల్మల ద్వీప వర్షాలలో కనబడుతున్నది. క్రౌంచద్వీపపు ఏడు వర్షాలలో ఆ పేరు లేదు. అయినా పురోహితుడు అట్లాసును చూచి ‘ఉత్తర అమెరికా’ అనలేదు. పాత పటంలోనే కొత్త ప్రదేశానికి చోటు వెదికినాడు. పటం కేవలం స్థలజ్ఞానం కొరకే అయితే ఈ యత్నం నిరర్థకం. కర్మకు చోటు చూపడమే దాని పని అయితే అర్థవంతం.

ఇక పురాణ భువనకోశ స్వరూపాన్ని ఈ దృష్టితో చూతము. ప్రతి జాతీ తనను లోకమధ్యంలో నిలుపుకొని పటం గీసికొన్నదన్నది పటచరిత్రకారులలో తరచు వినవచ్చే మాట. విష్ణుపురాణం విషయంలో ఆ మాట సరిపోదు. లక్షయోజనాల జంబూద్వీపంలో మధ్యనున్నది ఇలావృతవర్షం. దాని నడుమ మేరువు. ఆ మేరువు ఎత్తు 84,000 యోజనాలు, భూమిలోపల 16,000. అడుగున 16,000, శిఖరాన 32,000 విస్తారం. పద్మకర్ణిక వలె పైకి విప్పారిన ఆకారం. మన భారతవర్షం దక్షిణపు అంచున, ఉప్పు సముద్రపు ఒడ్డున, 9,000 యోజనాల ఖండం. మొదటి ద్వీపంలోనే దానికి దక్కినది ఇంచుమించు పదకొండో వంతు. అటుపై ప్లక్ష, శాల్మల, కుశ, క్రౌంచ, శాక, పుష్కర ద్వీపాలు ఒకదానికొకటి ద్విగుణాలై పోతున్నవి. పుష్కరం నాటికి 64 లక్షల యోజనాలు. తన దేశాన్ని ఇంత చిన్నదిగా, ఇంత అంచున గీసికొన్న పటకర్త లోకంలో చాల అరుదు. జైనుల జంబూద్వీపంలోనూ భరతక్షేత్రం దక్షిణపు కొననే ఉన్నది, మధ్యస్థానం మహావిదేహానిది.

ఇందులో పక్షపాతం లేదని నేననను. అది స్థానంలోగాక మూల్యంలో ఉన్నది. తక్కిన వర్షాలు భోగభూములు, భారతవర్షం ఒక్కటే కర్మభూమి. దేవతలు సైతం ఇక్కడి జన్మను శ్లాఘిస్తారని పురాణం చెప్పుతున్నది. కేంద్రాన్ని దేవతలకిచ్చి, మోక్షద్వారాన్ని తనవద్ద ఉంచుకొన్న పటమిది. ద్వీపాల ద్విగుణక్రమాన్ని చూచినా ఇది యాత్రికుని దినచర్య కాదని, సృష్టివ్యవస్థను గణితక్రమంలో కూర్చిన రచన అని విదితమవుతున్నది. వాయుపురాణాదులలోని చతుర్దళ పద్మరూపం, ఈ సప్తద్వీపరూపం రెండూ ఒకే సంప్రదాయంలో ప్రక్కప్రక్కనే నిలిచినవి. ఒకటి సత్యమైతే ఒకటి అసత్యం కావలెనన్న చింత సంకలనకర్తలకు కలిగినట్లు తోచదు.

ఆ చింత కలిగినవారు జ్యోతిస్సిద్ధాంతకారులు. వారికి గ్రహణాన్ని గణింపవలసిన పని ఉన్నది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటునికే భూమి గోళం. విషువద్వృత్తం మీద తొంబది భాగల దూరంలో నాలుగు నగరాలు: లంక, దానికి తూర్పున యమకోటి, పడమట రోమకం, అధోభాగాన సిద్ధపురం. లంకలో సూర్యోదయమైనప్పుడు యమకోటిలో మధ్యాహ్నం, సిద్ధపురంలో అస్తమయం, రోమకంలో అర్ధరాత్రం. లంకను ఉజ్జయిని రేఖ మీదనే నిలిపినారు గనుక ఇదీ అవధికల్పనయే. ఈ లంక నేటి సింహళం కాదు. గణితానికి కావలసిన ఒక బిందువు. గమనింపదగిన విషయం, సూర్యసిద్ధాంతం పురాణనామాలను త్రోసివేయలేదు. యమకోటిని భద్రాశ్వంలో, రోమకాన్ని కేతుమాలంలో, సిద్ధపురిని కురువర్షంలో, మేరువును ధ్రువస్థానంలో నిలిపి పద్మాన్ని గోళానికి చుట్టినది. భాస్కరాచార్యుడు 1150లో ఉత్తరగోళార్ధమంతా జంబూద్వీపమని, తక్కిన ఆరు ద్వీపాలు దక్షిణార్ధంలోనివని సర్దినాడు. భూమి సమతలంగా కనబడుతున్నదే అన్నవారికి, పరిధిలో నూరవవంతు ఎప్పుడూ సమంగానే తోస్తుందని సమాధానం చెప్పినవాడూ అతడే.

ఈ సందర్భంలో సూర్యసిద్ధాంత ద్వాదశాధ్యాయం చెప్పిన ఒక విషయాన్ని మన విద్యార్థులచేత ప్రత్యేకంగా చదివింపవలె. గోళం మీద ఎదురెదురుగా ఉన్నవారు పరస్పరం ఎదుటివారు తమకు క్రిందనున్నారని తలుస్తారట. భూగోళం మీద ఎక్కడివారికైనా తమ చోటే పైన ఉన్నట్లు తోస్తుందట. ఆకాశంలో నిలిచిన గోళానికి ఏది పై, ఏది క్రింద అని గ్రంథం ప్రశ్నించి ఊరకున్నది. ప్రపంచపటాల పక్షపాతాన్ని గూర్చి ఇరువదవ శతాబ్ది పండితులు విస్తరించి వ్రాసినదానికి బీజం ఇందులో ఉన్నది. 1943లో ఉరుగ్వే చిత్రకారుడు టోర్రెస్ గార్సియా దక్షిణ అమెరికాను తలక్రిందులుగా గీసినా, 1979లో ఆస్ట్రేలియాలో మెకార్థర్ దక్షిణాన్ని పైకి త్రిప్పి ప్రపంచపటాన్ని ప్రకటించినా చేసినది ఈ ప్రశ్ననే తిరిగి అడగడం.

పైభాగం ఉత్తరమే కావలెనన్నది ఇటీవలి అలవాటు. మన భాషలోనే చూడండి. పూర్వమంటే ముందు, పశ్చిమమంటే వెనుక, దక్షిణమంటే కుడి. ఇవి సూర్యునికి అభిముఖంగా నిలిచినవాని మాటలు. సంస్కృతపదాలలో దాగిన పటానికి తూర్పే ముఖం. తమిళంలో తూర్పుకు ‘కిళక్కు’, పడమరకు ‘మేర్కు’; కీళ్, మేల్ శబ్దాలు వాటికి మూలం. పడమటి కనుమల నుండి సముద్రానికి వాలిన నేల వాలు ఆ పదాలలో కనబడుతున్నది. మధ్యయుగపు ఐరోపా పటాలలోనూ తూర్పే పైన. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ ప్రార్థనామందిరంలో క్రీ.శ. 1300 ప్రాంతంలో ఒకే లేగచర్మం మీద గీసిన పటం నేటికీ ఉన్నది. దాని నడుమ జెరూసలేము, శిరస్సున తూర్పు దిక్కున స్వర్గోద్యానం. భాస్కరుడు గోళాధ్యాయాన్ని రచించిన నాలుగేండ్లకు, 1154లో, సిసిలీ ప్రభువు రెండవ రోజర్ ఆస్థానంలో అల్ ఇద్రీసీ పూర్తిచేసిన పటాలలో దక్షిణం పైనున్నది. 1602లో పెకింగులో మత్తెయో రిచ్చీ చైనా పండితుల సహాయంతో ప్రకటించిన పటంలో ఐరోపా ఒక అంచుకు జరిగి, చైనా మధ్యభాగానికి వచ్చినది. చూచేవారెవరో ఎరిగిన పటకర్త అవధిని మార్చినాడు.

ఆంధ్రతీరాన్ని చూపిన ప్రాచీన విదేశీయ వివరణ టోలమీది. క్రీ.శ. రెండవ శతాబ్ది మధ్యభాగాన అలెగ్జాండ్రియాలో కూర్చిన అతని భూగోళ గ్రంథం కెనరీ దీవుల నుండి రేఖాంశాలను గణించినది. అందులో మైసోలియా అనే దేశం, మైసోలస్ అనే నది ఉన్నవి. ఇవి కృష్ణా ముఖద్వార ప్రాంతమని పండితుల నిర్ణయం. కొంటకొస్సిల అనే పణ్యపట్టణం మన ఘంటసాల. నాగార్జునకొండ ప్రాకృత శాసనంలోని కంటకసేల అదే. కొడ్డూర గూడూరని గుర్తించినారు. ఆ తీరంలోనే స్వర్ణభూమికి పోయే ఓడలు ఒడ్డు విడిచే చోటునూ చెప్పినాడు. ఇంత సూక్ష్మంగా రేవులెరిగిన ఆ గ్రంథంలో భారతద్వీపకల్పం మాత్రం లేదనే చెప్పవలె. దక్షిణాపథమంతా నలిగి తూర్పు పడమరలుగా పరుచుకొన్నది. సింహళం దాని వాస్తవ ప్రమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బినది. వర్తకుడు ఎరిగినంతవరకే పటం. మైసోలియా అతనికి వస్త్రాలు దొరికే రేవు. రేవు వెనుకనున్న దేశంతో అతనికి పని లేదు. లేనిచోట అజ్ఞానం, ఉన్నచోట ఆసక్తి అని చదవగలిగితే టోలమీ పటం నాటి వాణిజ్యచరిత్రకు మంచి సాక్ష్యం.

ఇప్పుడు మన గోడమీది పటానికి వద్దాము. గోళతలాన్ని ఏ వికారమూ లేకుండా సమతలం మీద పరచడం అసాధ్యమని 1827లో గౌస్ గణితంతో నిరూపించినాడు. ఆకారం, వైశాల్యం, దూరం, దిశ అన్నిటినీ ఏకకాలంలో నిలుపగల పటం లేదు. దేనిని నిలుపుకొని దేనిని విడువవలెనన్నది పటకర్త ఎంపిక. 1569లో మెర్కేటర్ దిశను నిలుపుకొన్నాడు. అతని పటంలో రెండు రేవుల నడుమ సరళరేఖ గీసి, ఆ రేఖ చూపిన కోణంలో దిక్సూచిని స్థిరంగా ఉంచి ఓడ నడుపవచ్చు. నావికునికి అది అమూల్యం. దానికి మూల్యంగా ధ్రువాలవైపు పోయేకొద్దీ దేశాలు ఉబ్బినవి. 60 భాగల అక్షాంశం వద్ద పొడవు రెండు రెట్లు, వైశాల్యం నాలుగు రెట్లు. హైదరాబాదు అక్షాంశం వద్ద వైశాల్యం పెరిగేది పదో వంతు మాత్రమే. లండను వద్ద సుమారు 2.6 రెట్లు. 21.6 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండు, మూడు కోట్ల చదరపు కిలోమీటర్లకు మించిన ఆఫ్రికాతో సమానంగా కనబడుతున్నది. నిజానికది ఆఫ్రికాలో పదునాలుగో వంతు. నార్వే, స్వీడను, ఫిన్‌లాండు మూడూ కలిసినా భారతదేశ విస్తీర్ణంలో మూడో వంతు మాత్రమే. ఆ పటంలో మనకంటె పెద్దవిగా తోస్తున్నవి.

మెర్కేటర్ ఐరోపా గర్వంతో ఇట్లు గీసినాడన్న మాట కొన్ని గ్రంథాలలో కనబడుతున్నది. అది అన్యాయం. ఓడ కొరకు చేసినదానిని బడిగోడకు ఎక్కించడమే దోషం. అవధి, ప్రయోజనం రెండూ మరచిన తరువాత మిగిలినది ‘లోకం ఇట్లే ఉన్నది’ అన్న భావన. ఆ భావన వలసపాలకులకు అనుకూలించినది గనుకనే పటం అంత దీర్ఘకాలం గోడమీద నిలిచినది. 1973లో జర్మనీలో ఆర్నో పీటర్స్ వైశాల్యాలను సమంగా చూపే పటాన్ని ప్రకటించి, ఇదే దక్షిణదేశాలకు న్యాయం చేసే పటమన్నాడు. ఇంచుమించు ఆ పద్ధతినే 1855లో స్కాట్లండు మతాచార్యుడు జేమ్స్ గాల్ ప్రతిపాదించి ఉన్నాడు. 2017లో అమెరికాలోని బోస్టను నగర పాఠశాలలు పీటర్స్ పటాన్ని స్వీకరించినవి; 2025లో ఆఫ్రికా సమాఖ్య మెర్కేటర్ పటాన్ని మానవలెనన్న ఉద్యమానికి మద్దతు తెలిపినది. న్యాయమైన కోరికయే. కాని పీటర్స్ పటమూ ఒక అవధి కలదే. 45 భాగల అక్షాంశం వద్ద మాత్రమే అందులో ఆకారాలు సరిగా నిలుస్తవి. విషువద్వృత్తం వద్ద భూములు ఉత్తరదక్షిణాలుగా రెండింతలు సాగుతవి. మన తెలుగుదేశం సుమారు 1.8 రెట్లు సాగి, ఆరవేసిన పంచె వలె వ్రేలాడుతున్నది. దక్షిణదేశాలకు విస్తీర్ణం దక్కి ఆకారం పోయినది. జర్మనీకి రెండూ ఇంచుమించు దక్కినవి.

ఈ నేపథ్యంలో 1835 ఫిబ్రవరి 2 నాటి మెకాలే నివేదికను మరల చదువవలె. సంస్కృత విద్యను నిరసిస్తూ అతడు పాకపు సముద్రాలతో, వెన్న సముద్రాలతో నిండిన భూగోళమని ఎద్దేవ చేసినాడు. ఆ వాక్యపు నీడ ప్రాచ్య కళాశాలల మీద నుండి నేటికీ పూర్తిగా తొలగలేదు. అతని వాదంలో రెండు దోషాలున్నవి. పురాణ భువనకోశాన్ని సృష్టివ్యవస్థగాగాక నావికపటంగా చదివినాడు. అట్లు చదివితే హియర్‌ఫర్డ్ పటంలోని స్వర్గోద్యానానికీ అదే గతి. రెండవది, సంస్కృతంలో భూగోళమంటే పురాణం మాత్రమేనన్నట్లు వ్రాసినాడు. అంతకు ఒక ఏడాది ముందు, 1834లో, భోపాల్ సమీపాన సిహోరులో కుంపినీ ప్రతినిధిగా ఉన్న లాన్సెలట్ విల్కిన్సన్ వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో సిద్ధాంతగ్రంథాల ద్వారానే దేశీయులకు భూగోళఖగోళాలను బోధింపవచ్చునని వాదించి ఉన్నాడు. అతని సహచరుడైన పండిత సుబాజీ బాపు ఆ మార్గాన గ్రంథరచనకు పూనుకొన్నాడు. ఆ పాఠశాలలో భాస్కరాచార్యుని గోళాధ్యాయం కొపర్నికసుకు తలుపు తెరిచినది. కలకత్తాలో ఆ తలుపు ఉన్నట్లే ఎవరూ గుర్తింపలేదు.

రెండవ మార్గం, పురాణద్వీపాలను అట్లాసులో వెదకే మార్గం, ఎక్కడికి చేరుతుందో కూడ చరిత్రలో ఉన్నది. సైనికోద్యోగి ఫ్రాన్సిస్ విల్‌ఫర్డ్ 1792లో నైలు నదిని పురాణాలలో కనుగొన్నానని ప్రకటించినాడు. శ్వేతద్వీపం బ్రిటన్ దీవేనని నిరూపించుటకు ఏండ్ల తరబడి శ్రమించినాడు. అతడు కోరిన శ్లోకాలు అతని పండితుడు చేకూర్చిపెట్టినాడు. పేర్లు మార్చి, పత్రాలు మార్చి, కొన్ని కొత్తగా అల్లి. మోసం బయటపడిన తరువాత విల్‌ఫర్డ్ 1805లో అచ్చయిన ఏషియాటిక్ రిసెర్చెస్ ఎనిమిదవ సంపుటంలో ఆ సంగతిని తానే ఒప్పుకొన్నాడు. ఇందులో పండితుడొక్కనినే నిందించి లాభం లేదు. అడిగిన ప్రశ్నయే ఆ సమాధానాన్ని పుట్టించినది. 1966లో ఎస్. ఎం. అలీ పురాణభూగోళాన్ని గూర్చి వ్రాసిన గ్రంథం దీనితో పోల్చదగినది కాదు. అది గంభీరమైన కృషి. మేరువును పామీరు పర్వతగ్రంథిగా అతడు ఊహించుటలో యుక్తులున్నవి. నదులు, పర్వతాలు, జనపదాల పట్టికల విషయంలో ఆ పద్ధతి ఫలిస్తుంది కూడ, ఏలయనగా అవి చూచినవారు చెప్పిన పేర్లు. ద్విగుణించుకొంటూ పోయే ద్వీపాల విషయంలో మాత్రం అది ఫలింపదని తోస్తున్నది.

కనుక భువనకోశ పాఠం చెప్పే అధ్యాపకుడు గోడమీది పటాన్ని తొలగింపవలసిన పని లేదు. దానిని కూడ పాఠ్యంగా చేసికోవలె. ఒక నారింజపండు తొక్కను చింపక బల్లమీద పరచుమని విద్యార్థికిస్తే గౌస్ సిద్ధాంతం రెండు నిమిషాలలో బోధపడుతుంది. పిదప విష్ణుపురాణ ద్వీపక్రమాన్ని, గోళాధ్యాయంలోని నాలుగు నగరాలను, కూర్మవిభాగాన్ని, తన ఇంటి సంకల్పాన్ని వేరువేరు కాగితాల మీద గీయింపవచ్చు. ప్రతి కాగితం మూలన అవధి ఏది, ప్రయోజనమేది అని రెండు పంక్తులు వ్రాయింపవలె. మెర్కేటర్ పటం మూలన కూడ ఆ రెండు పంక్తులు వ్రాయించడం మరువరాదు. పురాణాన్ని పరీక్షించిన ప్రశ్నలతోనే అట్లాసునూ పరీక్షించినప్పుడు తరగతిలో నవ్వూ, నొప్పీ రెండూ తగ్గుతవి.

అవధులు మారే తీరుకు చివరగా ఒక ఉదాహరణ. ఉజ్జయిని రేఖ అరబ్బుల గ్రంథాలకు ఎక్కి, లిపిలోని ఒక చుక్క జారి ‘అరీన్’ అయి, లాటిన్ గ్రంథాలలో లోకమధ్యమై కొన్ని శతాబ్దాలు వెలిగినది. 1884లో వాషింగ్టనులో సమావేశమైన 25 దేశాలలో 22 గ్రీనిచ్ రేఖకు ఓటు వేసినవి. ఫ్రాన్సు, బ్రెజిలు తటస్థంగా ఉన్నవి. శాన్ డొమింగో వ్యతిరేకించినది. అప్పటికే నౌకావాణిజ్యంలో అధికభాగం గ్రీనిచ్ పటాలతో నడుస్తున్నదన్నది ప్రధానమైన యుక్తి. ఫ్రాన్సు 1911 వరకు తన పారిస్ కాలాన్ని విడువలేదు. మన దేశంలో 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదికనిస్తూ రాష్ట్రీయ పంచాంగ గణనకు ఒక కేంద్రస్థానాన్ని నిర్ణయించినది. దాని రేఖాంశం గ్రీనిచ్‌కు తూర్పున 82 భాగల 30 కళలు, భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే రేఖ. మన కాకినాడకు చేరువగా పోతున్నది. దాని అక్షాంశం 23 భాగల 11 కళలు, ఉజ్జయినిది. రాష్ట్రీయ పంచాంగాన్ని అనుసరించే తెలుగు సిద్ధాంతి తన ఊరి సూర్యోదయానికి దేశాంతర, అక్షాంశ సంస్కారాలు చేయవలసినది ఈ బిందువు నుండియే.